జిల్లేడుపై తక్షణ చర్యలు తీసుకోవాలి

నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో జిల్లేడు ఆగడాలు మితిమీరుతున్నాయి. గుట్ట వాలు, చేను గట్టు, కూలిన గోడ, ఏది దొరికితే అక్కడ టెండరు పిలవకుండానే మొలుస్తోంది. ట్యాంకరు నీళ్లు అడగదు. కంచె అడగదు. మే నెల ఎండలో మొక్కలన్నీ మర్యాదగా ఎండిపోతుంటే, ఇది లేత ఊదా పూలు పూసి యంత్రాంగాన్ని వెక్కిరిస్తోంది.

మహబూబ్‌నగర్‌లోని ముసలి మర్రిచెట్టు పిల్లలమర్రిని చూసైనా నేర్చుకోవాలి. 2018లో చెదలు పట్టగానే బుద్ధిగా సెలైన్ సీసాలతో మందు ఎక్కించుకుని, పత్రికల్లో ఫొటో వేయించుకుంది. రోడ్ల పక్కన నాటిన కోనోకార్పస్ చెట్టు ఇంకా ఉత్తమం. పరదేశం నుంచి వచ్చి, నాటినందుకు ఒక బిల్లు, వద్దనుకుని నరికినందుకు మరో బిల్లు ఇప్పించింది. ఖర్చు చూపని పచ్చదనాన్ని ఏ పద్దులో రాయాలి?

ఇక జిల్లేడు నీడన సాగుతున్న వ్యవహారాలు వింటే ఒళ్లు జలదరిస్తుంది. అందరిలా పుప్పొడిని పొడిగా రాల్చదు. చిన్న చిన్న మూటలుగా కట్టి నల్ల తుమ్మెద కాళ్లకు తగిలించి, వే బిల్లు లేకుండా పక్క చెట్టుకు పంపిస్తుంది. మేక కూడా సాధారణంగా ముట్టని ఆకు మీద ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక గుడ్లు పెడుతుంది. చారల గొంగళిపురుగు ఆ ఆకునే మేసి, అందులోని విషాన్ని ఒంట్లో నిల్వ చేసుకుంటుంది. అది రెక్కలు తొడిగి సీతాకోకచిలుక అయ్యాక, ఒకసారి రుచి చూసిన పిట్ట మళ్లీ దాని జోలికి రాదు. ఇంతటితో ఆగితే సరే. గంగవాయిలి కూర తిని పెరిగిన మరో జాతి ఆడ సీతాకోకచిలుక, ఒంట్లో ఆ విషమేమీ లేకపోయినా, అదే నారింజ రంగు, అదే నల్ల అంచు వేసుకుని పిట్టలను ఏమారుస్తోంది. నకిలీ ధ్రువపత్రాలతో ఉద్యోగాలు చేసేవారికి ఈ విద్య ఎక్కడ అబ్బిందో ఇప్పుడు అర్థమవుతోంది.

దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. ఈ ఒక్క అభియోగం మాత్రం పూర్తిగా నిజం.

కాబట్టి జేసీబీలు పంపి జిల్లేడును వేళ్లతో సహా పెకలించాలని మనవి. వినాయక చవితికి ముందు మాత్రం పనులు ఆపాలి. పూజకు వాడే 21 పత్రుల్లో అర్కపత్రం, అంటే జిల్లేడు ఆకు, ఒకటి కనుక, పెకలించమన్న పెద్దలే సంచి పట్టుకుని ఆ పొదల వెంట తిరుగుతుంటారు. రథసప్తమికీ మినహాయింపు తప్పదు. నెత్తిన ఏడు జిల్లేడు ఆకులు పెట్టుకుని స్నానం చేయాలి కదా. మిగతా రోజుల్లో జేసీబీ నడిస్తే డీజిల్ బిల్లు వస్తుంది. జిల్లేడు వల్ల ఖజానాకు పడే మొదటి ఖర్చు అదే కనుక దస్త్రం ఎక్కడా ఆగదు.