ఇరవయ్యొకటో వచనం ఎక్కడికి పోయింది?

మొన్న కంచరపాలెంలో మా బంధువుల పెళ్లి. పాస్టరుగారు బైబిల్లోని ఎఫెసీ పత్రిక (లేఖ) ఐదో అధ్యాయం తెరిచి, "స్త్రీలారా, ప్రభువునకువలె మీ సొంతపురుషులకు లోబడియుండుడి" అంటూ గొంతు పెంచారు. నా పక్కన అమ్మ ముసుగు సర్దుకుంటూ మెల్లగా, "ఇరవయ్యొకటి చదవలేదు" అంది.

ఆయన చదివింది ఇరవై రెండు. దాని ముందు వచనం ఒకరికొకరు లోబడి ఉండమని అందరికీ చెబుతుంది. అత్యంత ప్రాచీనమైన గ్రీకు ప్రతుల్లో ఇరవై రెండో వచనానికి సొంత క్రియ కూడా లేదు, పై వచనం నుంచి తెచ్చుకోవాల్సిందే. అయినా మన పెళ్లిళ్లలో ఆ పై వచనం ఎప్పుడూ కనబడదు.

కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రికదీ ఇదే కథ. పద్నాలుగో అధ్యాయంలో స్త్రీలు సంఘంలో, అంటే చర్చిలో, మౌనంగా ఉండాలని ఉంది. పదకొండులోనేమో ప్రార్థించే, ప్రవచించే (దేవుని మాట పలికే) స్త్రీ తల కప్పుకోవాలని ఉంది. నోరే తెరవకూడని మనిషి ప్రవచించడం ఎలాగో ఎవరైనా చెప్పండి. మనం మాత్రం ముసుగు ఉంచుకుని ప్రవచనం వదిలేశాం.

గాజువాక దగ్గర మా సంఘంలో చాపలు పరిచేది, ప్రేమవిందుకు వండేది, శుక్రవారం ఉపవాస ప్రార్థన నిలబెట్టేది ఆడవాళ్లే. కానుకల లెక్క చూసే కమిటీలో మాత్రం ఒక్కరూ లేరు. అడిగితే "అమ్మగారు ఉన్నారుగా" అంటారు. పాస్టరుగారి భార్య అన్నమాట. జీతం లేని ఉద్యోగం ఆమెది, ఆ పేరుతో మా అందరి నోళ్లూ మూస్తారు.

1805లో విశాఖకు వచ్చిన లండన్ మిషనరీలు క్రాన్, డెస్‌గ్రాంజెస్ పేర్లు మన సంఘ చరిత్రల్లో ఉంటాయి. తర్వాతి కాలంలో ఇళ్ల లోపలికి వెళ్లి ఆడవాళ్లకు అక్షరాలు నేర్పిన బైబిలు స్త్రీలను "బైబిలు స్త్రీలు" అనే గుర్తుంచుకున్నాం.

దక్షిణ ఇండియా సంఘంలో 2013లో పుష్పలలితగారు నంద్యాల బిషప్ అయ్యారని గుర్తుచేస్తే, మా పెద్దలు "అది వాళ్ల సంఘం, మనది వాక్యానుసారమైనది" అన్నారు. రోమా పత్రిక పదహారులో పౌలు సంఘపరిచారకురాలని పిలిచిన ఫీబే ఏ వాక్యంలో ఉందో మరి!

ఇదంతా వాదనతో పోయేదైతే ఇంత కోపం రాదు. భర్త కొట్టాడని ఏడుస్తూ వచ్చిన అమ్మాయికి "సహించమ్మా, నీ ప్రవర్తన చూసి మారతాడు" అని పేతురు పత్రిక చదివి పంపడం నా కళ్లారా చూశాను. ఆ భర్తను పిలిచి మందలించిన వారెవరూ లేరు. తర్వాతి నెల ప్రభుబల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన) దగ్గర అతను మామూలుగానే నిలబడ్డాడు.

పోయిన శుక్రవారం రావలసిన ప్రసంగీకుడు రాలేదు. అమ్మ లేచి నలభై నిమిషాలు హుల్దా గురించి మాట్లాడింది. దేవాలయంలో దొరికిన ధర్మశాస్త్ర గ్రంథం సంగతి తెలుసుకోవడానికి యోషీయా రాజు మనుషులు వెళ్లింది ఆ ప్రవక్త్రి దగ్గరికే. అమ్మను వేదిక ఎక్కనివ్వలేదు, కిందే నిలబడి చెప్పింది. చివర్లో ఒక పెద్దాయన మైకు అందుకుని, "సాక్ష్యం చెప్పిన సహోదరికి వందనాలు" అన్నారు. సాక్ష్యమంటే సొంత అనుభవం చెప్పుకోవడం, బోధ కాదు.

మగవాడు చెబితే వాక్యం, ఆడది చెబితే సాక్ష్యం. ఇంటికి వస్తూ ఆటోలో అమ్మను అడిగాను, బాధ కలగలేదా అని. "వచ్చే శుక్రవారం ఇశ్రాయేలుకు తీర్పు తీర్చిన ప్రవక్త్రి దెబోరా గురించి చెబుతాను, దానికేం పేరు పెడతారో చూద్దాం" అంది.