గోడ మందంగా ఉంటే పునాదికి ఇన్సులేషన్ అక్కర్లేదా?

"చలిదేశంలో మట్టితోనో గడ్డి బేళ్లతోనో (గట్టిగా నొక్కి కట్టిన గడ్డి దిమ్మెలు) 2 అడుగుల గోడ కడితే చాలు, పునాదికి ఇన్సులేషన్ (వేడి బయటికి పోకుండా వేసే పొర) దండగ" అని ఒక ఫార్వర్డ్ మన గ్రూపుల్లో తెగ తిరుగుతోంది, అమెరికాలో ఇల్లు కట్టుకుందామనుకునేవాళ్లు కూడా నమ్మేస్తున్నారు, అందుకే రాస్తున్నా.

మందం గోడ చలిని ఆపుతుందట. మన ఊళ్లో మట్టి మిద్దె ఎండాకాలం చల్లగా ఉండేది పగలు తాగిన వేడిని గోడ రాత్రికి వదిలేస్తుంది కాబట్టి. అమెరికాలో బాగా చలి ఉండే మిన్నెసోటా రాష్ట్రంలో జనవరిలో పగలూ రాత్రీ మైనస్సే, ఇంక గోడ ఎక్కణ్ణుంచి తెస్తుంది వేడి? మట్టి వేడిని దాచుకుంటుంది, ఆపడం దాని పని కాదు. గడ్డి బేలు నిజంగానే ఆపుతుంది, ఒప్పుకుంటా. కానీ దాని కింద 18 అంగుళాల కాంక్రీటు పునాది ఉంటే అది అర అంగుళం థర్మాకోల్ షీటుకి కూడా సాటిరాదు. ఒంటికి రగ్గు కప్పుకుని కాళ్లు బయట పెట్టినట్టే.

"వేడి పైకే పోతుంది" అంట. పైకి పోయేది వేడి గాలి. వేడి ఎటు చల్లగా ఉంటే అటు పోతుంది, కిందకైనా పక్కకైనా. అక్కడ మా ఫ్రెండు వాళ్ల గడ్డి బేళ్ల ఇంట్లో చెయ్యిపెట్టి చూశా, గోడ నడుం ఎత్తులో వెచ్చగా ఉంది, కింద జానెడు మేర ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాలా చెమ్మ, బీరువా జరిపితే వెనక నల్లగా బూజు. గడ్డికి చెమ్మ పడితే కుళ్లుడే కదా.

"అక్కడ ఎలాగూ 5 అడుగులు తవ్వుతారు" అన్నది ఇంకోటి. ఉత్తర మిన్నెసోటాలో 60 అంగుళాలు తవ్వడం నిజమే, కానీ అది నేల గడ్డకట్టి ఉబ్బి ఇంటిని పైకి లేపకుండా, వేడి పోకుండా కాదు. నార్వే, స్వీడన్‌లలో పునాది చుట్టూ ఫోమ్ షీట్లు నిలువుగా కొన్ని, నేలలో అడ్డంగా కొన్ని పరిచి, ఇంటి వేడితోనే కింద మట్టి గడ్డకట్టకుండా చూసుకుని, తక్కువ లోతు పునాదులతోనే లక్షల ఇళ్లు కట్టారు.

లదాఖ్‌లో మందం మట్టి గోడల ఇళ్లు లేవా అని ఆ పేరు కూడా లాగారు. అక్కడి పాత ఇళ్లలో కింది అంతస్తు పశువులకి, మనుషులుండేది పైన, అంటే పునాది చలికి దూరంగా, ఆ సంగతి ఫార్వర్డ్‌లో లేదు.

ఒక్కటి మాత్రం కరెక్టు, ఫోమ్‌ని చీమలు తొలుస్తాయి. అందుకే నేల పైకి కనిపించే భాగానికి రేకో సిమెంటు ప్లాస్టరో వేస్తారు. మా ఫ్రెండు కూడా మరుసటి ఎండాకాలం ఇంటి చుట్టూ తవ్వించి 2 అంగుళాల షీట్లు పెట్టించి రేకు కొట్టించాడు, ఆ చలికాలం బీరువా వెనక గోడ పొడిగానే ఉంది.