వైర్ కథ 1979లో ముగియలేదు

లండన్‌లో 1976లో మొదలైన వైర్ అనే పోస్ట్ పంక్ (పంక్ రాక్ వెంటనే వచ్చిన రాక్ శైలి) బృందం గురించి రాక్ సంగీతాభిమానుల మధ్య ఒక తీర్పు ఏళ్ల తరబడి తిరుగుతోంది. అది దాదాపు ఎప్పుడూ ఒకే వరుసలో వినిపిస్తుంది: వైర్ 1977లో ‘పింక్ ఫ్లాగ్’, 1978లో ‘చెయిర్స్ మిస్సింగ్’, 1979లో ‘154’ అనే మూడు ఆల్బమ్‌లు చేసింది, మొదటిది వాయించడం సరిగా రానివారి ఉధృతి, తర్వాతి రెండింటిలో ఆ ఉధృతి మెల్లగా చల్లారింది, 1985 తర్వాత వచ్చినది కాలానికి తలవంచిన యంత్రాల సంగీతం, 2000 తర్వాత వచ్చినది పాత పేరును అమ్ముకోవడం, కాబట్టి మూడు ఆల్బమ్‌లు విని ఆపేస్తే చాలు. కొత్తగా వినడం మొదలుపెట్టేవారికి ఇది సలహాగా అందుతోంది, వారు నిజంగానే అక్కడ ఆగిపోతున్నారు. అందుకే ఇందులోని ఒక్కో మాటనూ తీసుకుని జవాబు చెప్పాలనిపించింది.

ముందుగా వాయించడం రాదన్న మాట. ఇందులో కొంత నిజముంది. వాద్యాలు పట్టుకున్న కొత్తలో వీరిలో ఎవరికీ పెద్ద అనుభవం లేదు. కానీ అనుభవం లేకపోవడం వేరు, ఆలోచన లేకపోవడం వేరు. గిటార్ వాయించిన బ్రూస్ గిల్బర్ట్ 1946లో పుట్టారు, అంటే తొలి ఆల్బమ్ నాటికే ముప్పై దాటినవారు, చిత్రకళ నుంచి వచ్చినవారు. గాయకుడు కోలిన్ న్యూమన్ వాట్‌ఫర్డ్ ఆర్ట్ కళాశాల విద్యార్థి. బేస్ గిటార్ వాయిస్తూ ఎన్నో పాటలకు మాటలు రాసిన గ్రాహం లూయిస్ కూడా ఆర్ట్ కళాశాలలో చదువుకున్నవారే. వీరికి డ్రమ్స్ వాయించిన రాబర్ట్ గ్రే అప్పట్లో రాబర్ట్ గోటోబెడ్ అనే పేరుతో కనిపించేవారు. మొదట్లో జార్జ్ గిల్ అనే ఐదో సభ్యుడు ఉండేవారు. పాటలు రాయడంలో ముందున్నది ఆయనే. 1977 తొలి నెలల్లో ఆయన వెళ్లిపోయాక మిగిలిన నలుగురూ ఆయన పాటలను పక్కన పెట్టి, గిటార్ ఒక్కటే ముందుకొచ్చి వాయించే సోలోలు మానేసి, మళ్లీ మొదటి నుంచి కట్టుకుంటూ వచ్చారు. చేతకానివారు చేతిలో ఉన్నదాన్ని వదులుకోవడానికి భయపడతారు. వీరు ఉన్నదాన్ని వదిలేసిన తర్వాతే వైర్ అయ్యారు.

‘పింక్ ఫ్లాగ్’లో 21 పాటలున్నాయి, మొత్తం నిడివి దాదాపు 35 నిమిషాలు. ‘ఫీల్డ్ డే ఫర్ ద సండేస్’ 28 సెకన్లలో అయిపోతుంది. ఆదివారం పత్రికలు తన బతుకును బజారుకీడ్చినా సరే, వాటికి తాను విందు కావాలని కోరుకునే మనిషి గొంతు అందులో వినిపిస్తుంది. ఆ కోరిక పలికేసిన క్షణాన పాట ఆగుతుంది. రెండో చరణం లేదు, పల్లవి మళ్లీ రాదు, ముగింపు కోసం సాగదీసిన వాద్యం లేదు. రాక్ పాటకు అలవాటైన చరణం, పల్లవి, సోలో, మళ్లీ పల్లవి అనే చట్రాన్ని అప్పటి పంక్ (వేగంగా, కరుకుగా వాయించే రాక్) బృందాలు చాలావరకు అలాగే ఉంచి వేగం మాత్రమే పెంచాయి. వైర్ ఆ చట్రాన్నే ప్రశ్నించింది. చెప్పాల్సింది 28 సెకన్లదైతే పాటా 28 సెకన్లదే. నాలుగు నిమిషాలు కావాలంటే, అదే ఆల్బమ్‌లో ఒకే బరువైన గిటార్ పట్టును నెమ్మదిగా ఈడ్చే ‘స్ట్రేంజ్’ లాగా, నాలుగు నిమిషాలు. ‘106 బీట్స్ దట్’ సంగతి ఇంకా ముచ్చటైనది. పలికే అక్షరాలు (సిలబుల్స్) సరిగ్గా 100 ఉండేలా ఒక గీతం రాయాలని లూయిస్ పూనుకున్నారు, అది 106 దగ్గర ఆగింది. గణాలు లెక్కపెట్టుకుంటూ పద్యం అల్లే అలవాటున్న మన భాషవారికి ఆ పట్టుదల వెంటనే అర్థమవుతుంది. ఇలా లెక్క పెట్టుకుని రాసేవారిని అమాయకపు ఉధృతి అనే మాటతో కొట్టిపారేయడం న్యాయం కాదు.

ఉధృతి చల్లారిందన్న రెండో మాట విన్నప్పుడు నాకు ‘చెయిర్స్ మిస్సింగ్’లోని ‘అవుట్‌డోర్ మైనర్’ గుర్తుకొస్తుంది, ఎందుకంటే చల్లారిందనడానికి సాక్ష్యంగా చాలామంది చూపేది ఆ పాటనే. బాణీ తియ్యగా ఉంటుంది, నేపథ్యంలో గొంతులు కలిసి పాడతాయి, కోపం ఎక్కడా వినిపించదు. కానీ మాటలు వినండి. ఆకు పొరల మధ్య సొరంగం తవ్వుకుంటూ పత్రహరితాన్ని తినే పురుగు గురించిన పాట అది. ఆ పురుగును గనిలో పనిచేసే కూలీగా, ఆకు పైపొరను కూలబోయే గని పైకప్పుగా చూసి రాశారు. టమాటా ఆకుల మీద తెల్లని వంకరటింకర గీతలు మిగిల్చే ఆకు తొలుచు పురుగును చూసిన మన రైతుకు ఆ దృశ్యం వివరించనక్కర్లేదు. ఆల్బమ్‌లో అది ఒక నిమిషం ముప్పావులో ముగుస్తుంది. సింగిల్‌గా, అంటే విడిపాటగా, విడుదల చేయడానికి మరీ చిన్నదైపోయిందని, నిర్మాత మైక్ థోర్న్ పియానో భాగం చేర్చి దాన్ని పొడిగించారు. 1979 జనవరిలో అది బ్రిటన్ అమ్మకాల చార్టులో 51వ స్థానం దాకా వెళ్లింది. రికార్డు కంపెనీ అమ్మకాలను కృత్రిమంగా పెంచిందన్న ఆరోపణ రావడంతో, టీవీ కార్యక్రమంలో పాడే అవకాశం చేజారింది. బృందం కీర్తికి అంత దగ్గరగా వెళ్లింది ఆ ఒక్కసారే, అదీ ఆకు పురుగు మీద పాటతో. మాధుర్యాన్ని మెత్తబడటంగా లెక్కగట్టినవారు ఆ మాధుర్యం ఏ వస్తువును మోస్తోందో చూడలేదు.

‘154’ అనే పేరు అప్పటికి వారు ఇచ్చిన కచేరీల సంఖ్య. అందులోని ‘మ్యాప్ రెఫ్. 41°N 93°W’ పేరులోనే అక్షాంశ రేఖాంశాలున్నాయి. ఆ బిందువు అమెరికాలోని అయోవా రాష్ట్రంలో పడుతుంది. గీతలు గీసిన పటానికీ కింద పరుచుకున్న నేలకూ మధ్య తేడా చూస్తూ సాగే పాట ఇది. నా అభిప్రాయంలో మూడింటిలో అత్యంత చీకటి ఆల్బమ్ ఇదే, చల్లారినది మాత్రం కాదు. అందులో నలుగురూ నాలుగు దిక్కులకు లాగుతున్నారన్నది వాస్తవం, ఆ లాగుడు వినిపిస్తుంది కూడా. వారి రికార్డులు విడుదల చేసే ఈఎంఐ సంస్థతో సంబంధం తెగింది. 1980 ఫిబ్రవరి 29న లండన్‌లోని ఎలక్ట్రిక్ బాల్‌రూమ్‌లో ఎక్కువగా కొత్త పాటలతో, వింత వేషధారణలతో ఒక ప్రదర్శన ఇచ్చి బృందం విడిపోయింది. పాత పాటల కోసం వచ్చినవారు అరిచి గొడవ చేశారు. ఆ అరుపులతో సహా ఆ రాత్రి రికార్డింగ్ 1981లో ‘డాక్యుమెంట్ అండ్ ఐవిట్నెస్’గా వచ్చింది. ఆ సాయంత్రం వాయించిన పాటల్లో చాలావరకు స్టూడియో ముఖం చూడలేదు. ఈ సంగతి మళ్లీ అవసరం పడుతుంది.

ఇక 1985లో బృందం మళ్లీ కలిసిన తర్వాతి కాలం. ఇక్కడ ప్రత్యర్థుల వాదంలో అసలైన బలం ఉన్న చోటును ముందే ఒప్పుకుంటాను: 1990 నాటి ‘మ్యాన్‌స్కేప్’ బలహీనమైన ఆల్బమ్. అందులో యంత్రాలే తాళం వేస్తాయి, పాటలు వాటి కింద నలిగిపోతాయి. డ్రమ్స్ వాయించే మనిషికి పని లేకపోవడంతో రాబర్ట్ గ్రే బయటికి వెళ్లారు, ఆ తర్వాత వ్యవసాయం చేసుకున్నారు. మిగిలిన ముగ్గురూ, ఇంగ్లీషులో నాలుగు అక్షరాలుండే తమ పేరులోంచి చివరి అక్షరం తీసేసి, ఆ మూడక్షరాల పేరుతోనే 1991లో ‘ద ఫస్ట్ లెటర్’ చేశారు. వెళ్లిపోయిన సభ్యుడి ఖాళీని పేరులోనే చూపించిన మరో బృందం నాకు తట్టడం లేదు.

అయితే ఒక్క బలహీనమైన ఆల్బమ్‌ను పట్టుకుని దశాబ్దం మొత్తాన్ని కొట్టేయడం కుదరదు. 1987 నాటి ‘ద ఐడియల్ కాపీ’, 1988 నాటి ‘ఎ బెల్ ఈజ్ ఎ కప్ అంటిల్ ఇట్ ఈజ్ స్ట్రక్’ వినకుండా ఈ తీర్పు ఇస్తున్నవారే ఎక్కువని నా అనుమానం. ‘అహెడ్’లో ఆగకుండా నడిచే బేస్ మీద న్యూమన్ గొంతు ఎంత నిబ్బరంగా నిలబడుతుందో, ‘కిడ్నీ బింగోస్’లో అర్థం అందీ అందని మాటల గుత్తులను ఎంత నాజూకైన బాణీ మోస్తుందో వినాలి. ‘డ్రిల్’ అనే పాటైతే ఒకే స్వరాన్ని, ఒకే దెబ్బను పట్టుకుని తొలుస్తూ పోతుంది. 1986లో ‘స్నేక్‌డ్రిల్’ అనే చిన్న రికార్డులో మొదలైన ఆ పాటను కచేరీల్లో వేర్వేరు నిడివుల్లో వాయించి, చివరికి 1991లో ఆ ఒక్క పాట రూపాంతరాలతోనే ‘ద డ్రిల్’ అనే ఆల్బమ్ చేశారు. ఫ్యాషన్‌కు తలవంచినవారు ఒకే స్వరపు పాటను ఐదేళ్లు పట్టుకుని కూర్చోరు. ‘స్ట్రేంజ్’లో ఒకే పట్టును నాలుగు నిమిషాలు ఈడ్చిన చేతులే ఇవి, మారినది వాద్యం, బుద్ధి కాదు.

పాత పేరును అమ్ముకోవడమన్న మాటకు నా దృష్టిలో అన్నిటికంటే గట్టి జవాబు 1987 అమెరికా పర్యటనలో ఉంది. మళ్లీ కలిసిన బృందం పాత పాటలు వాయించనని ముందే తేల్చి చెప్పింది, అమెరికా ప్రేక్షకులకు కావాల్సినవేమో అవే. దాంతో ‘ఎక్స్ లయన్ టేమర్స్’ అనే బృందాన్ని వెంట తీసుకెళ్లారు; అది ‘పింక్ ఫ్లాగ్’ పాటలను ముందుగా వాయించేది, తర్వాత వైర్ వేదికెక్కి కొత్తవి మాత్రమే వినిపించేది. తమ గతాన్ని వేరేవారి చేతికిచ్చి, తాము వర్తమానంలో నిలబడ్డారు. అమ్ముకోదలిస్తే అంతకంటే మంచి అదను దొరికేదా?

2000 తర్వాతి కథలోనూ ఇదే తీరు. నలుగురూ మళ్లీ కలిసి, సొంత రికార్డు లేబుల్ పెట్టుకుని, 2003లో ‘సెండ్’ విడుదల చేశారు. స్టూడియోలో ముక్కలు ముక్కలుగా కోసి అతికించిన గిటార్ మోత అది, ‘పింక్ ఫ్లాగ్’ కంటే కర్కశమైనది. అదే ఏడాది లండన్‌లోని బార్బికన్ కళాకేంద్రంలో ‘పింక్ ఫ్లాగ్’ను మొత్తం వాయించారు కదా, అది గతాన్ని నెమరువేయడం కాదా అని అడిగేవారున్నారు. అదే రాత్రి రెండో భాగంలో ‘సెండ్’ను వినిపించారన్న సంగతి ఆ ప్రశ్నలో ఉండదు. ఇరవై ఆరేళ్ల దూరంలో ఉన్న రెండు ఆల్బమ్‌లను పక్కపక్కన నిలబెట్టి పోల్చుకోమన్నారు. గిల్బర్ట్ 2004లో బృందాన్ని వదిలారు, ఆ లోటు 2008 నాటి ‘ఆబ్జెక్ట్ 47’లో తెలుస్తుంది, ఆ ఆల్బమ్ నాకు కాస్త తేలికగా అనిపిస్తుంది. తర్వాత మాథ్యూ సిమ్స్ గిటార్ అందుకున్నాక ఆ తేలికదనం పోయింది.

ఎలక్ట్రిక్ బాల్‌రూమ్‌లో మిగిలిపోయిన పాటల దగ్గరికి ఇప్పుడు రావాలి. 2013లో వచ్చిన ‘చేంజ్ బికమ్స్ అజ్’ ఆ 1979-80 నాటి ముక్కల నుంచి పుట్టింది. బృందం తిరిగి ముట్టుకున్నది జనం అడిగే పాటలను కాదు, జనం కేకలు వేసి తిప్పికొట్టిన వాటిని. మూడు దశాబ్దాల తర్వాత వాటిని విప్పి, పనికొచ్చిన స్వరాన్నో వాక్యాన్నో ఉంచుకుని, మిగతాది కొత్తగా కట్టారు.

చివరగా, ప్రభావమంతా తొలి ఆల్బమ్‌దేనన్న చిన్న మాట ఒకటి ఈ తీర్పుకు తోకలా ఉంటుంది. ‘పింక్ ఫ్లాగ్’ ప్రభావం కాదనలేనిది: తర్వాత వచ్చిన బృందాల్లో మైనర్ థ్రెట్ అందులోని ‘12ఎక్స్‌యూ’ను పాడింది, ఆర్.ఇ.ఎం. 1987లో ‘స్ట్రేంజ్’ను తన ఆల్బమ్‌లో చేర్చుకుంది, ఎలాస్టికా ‘కనెక్షన్’ పాట అదే ఆల్బమ్‌లోని ‘త్రీ గర్ల్ రుంబా’ను పోలి ఉందన్న వివాదం కోర్టు బయట పరిష్కారమైంది. కానీ బిగ్ బ్లాక్ తీసుకున్న ‘హార్ట్‌బీట్’ రెండో ఆల్బమ్‌లోది. మై బ్లడీ వాలంటైన్ పాడిన ‘మ్యాప్ రెఫ్’, ఫిషర్‌స్పూనర్ పాడిన ‘ద ఫిఫ్టీన్త్’ మూడోదానిలోవి.

2020 జనవరిలో ‘మైండ్ హైవ్’ వచ్చింది. నిడివి ‘పింక్ ఫ్లాగ్’ అంతే, దాదాపు 35 నిమిషాలు. పాటలు మాత్రం 21 కాదు, తొమ్మిది. వాటిలో ‘హంగ్’ ఒక్కటే ఎనిమిది నిమిషాలకు దగ్గరగా సాగుతుంది. మాటలు చాలా కొద్ది, గిటార్లు మబ్బులా కమ్ముకుంటాయి, ఆ మబ్బు కింద డెబ్బైకి చేరువైన రాబర్ట్ గ్రే తాళం వేస్తుంటారు. ఆ ఎనిమిది నిమిషాల్లో ఆయన ఒక్క దెబ్బ కూడా అదనంగా వేయరు, ‘ఫీల్డ్ డే ఫర్ ద సండేస్’ 28 సెకన్లలో వేయనట్టే.