జింకల పార్కు పక్కన తూటాల పంచాయితీ

తూటాల నంబర్లు ఫోనులో చెప్పుకోకూడదు. చెప్పుకున్నా స్పీకర్ పెట్టకూడదు. స్పీకర్ పెట్టినా, అలిపిరి మెట్లదారిలో గాలిగోపురం దాటాక, జింకల పార్కు కంచెకి ఆనుకుని అసలు పెట్టకూడదు. ఈ మూడింటినీ ఒక్క పొద్దుటే సాధించాడు ఓ మామ. ఫిరంగుల రెజిమెంటులో చేసి రిటైరైన మనిషి. వినికిడి సగం అక్కడే వదిలేసి రావడంతో స్పీకర్ లేనిదే పని జరగదు.

మేనల్లుడు కొలరాడో రాష్ట్రం డెన్వర్‌లో సాఫ్ట్‌వేరు. వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గరుంచుకోకూడదని అమెరికా చట్టం. వేట లైసెన్సు ఉంటే మాత్రం మినహాయింపు. కోర్సు పాసై ఆ లైసెన్సు సంపాదించాడు పిల్లోడు. మనకిక్కడ పొద్దున ఆరంటే వాళ్ళకి ముందురోజు సాయంత్రం ఆరున్నర. తూటాల షాపు మూసేస్తారన్న తొందరలో ఫోన్ కొట్టాడు.

"మామా, కౌంటర్ కాడ ఉండా. వేటరోజు ఫ్రెండు వాళ్ళ నాయన రైఫిల్ ఇస్తానన్న్యాడు. తూటాలు మాత్రం నన్నే తెచ్చుకోమన్న్యాడు. జింకకి ఏది మంచిది? టూ సెవెంటీనా, థర్టీ ఆట్ సిక్సా, త్రీ నాట్ ఎయిటా?"

ఇక్కడ అడగాల్సింది ఒకటే: ఆ రైఫిల్ గొట్టం మీద ఏం చెక్కి ఉంది? అది అడిగితే అర నిమిషంలో ఫోన్ అయిపోయేది. మామకి ఇరవై ఏళ్ళుగా ఎవరూ తుపాకుల గురించి సలహా అడగలేదు మరి.

"మూడూ ఒక ఇంటివేరా. థర్టీ ఆట్ సిక్స్ పెద్దాయన, 1906. తూటా ఇత్తడి తొడుగు పొడుగు 63 మిల్లీమీటర్లు. దాని మెడ నొక్కి 1925లో టూ సెవెంటీ చేసినారు. 1952లో వచ్చింది త్రీ నాట్ ఎయిట్. తొడుగు 51కి తగ్గినా, తుపాకిమందు మంచిది కాబట్టి బలం పెద్దగా తగ్గలా."

లెక్క సరైనదే. గుండు బరువుని గ్రెయిన్లలో కొలుస్తారు. 150 గ్రెయిన్ల గుండు థర్టీ ఆట్ సిక్స్‌లో సెకనుకి సుమారు 2900 అడుగులు పోతే, త్రీ నాట్ ఎయిట్‌లో 2800 పోతుంది. టూ సెవెంటీ 130 గ్రెయిన్లది 3050 దాకా పోతుంది. 200 గజాలకి గురి కట్టి 300 గజాల్లో కొడితే మూడూ గురికి ఆరు నుంచి తొమ్మిది అంగుళాల లోపే కిందికి పోతాయి. వాటి మధ్య తేడా రెండంగుళాల చిల్లర. జింక ఎదలో తగలాల్సిన చోటు ఎనిమిదంగుళాలకి తక్కువుండదు. ఈ తేడా మీద కొట్లాడుకునేది మనుషులే, జింకకి పట్టదు. ఎల్క్ లాంటి పెద్ద జంతువుకైతే 165, 180 గ్రెయిన్ల బరువు గుండు మేలు. భుజానికి తన్ను కూడా ఆ మేరకు పెరుగుతుంది.

"జింకకైతే 130 చాలురా! ముందుకాలి వెనక పడితే ఇంక లేచేది లే!"

కంచె అవతల చుక్కల జింక నెమరు ఆపింది. ఇవతల మెట్టుకి పసుపు రాస్తున్న అవ్వ చెయ్యి ఆపింది.

"130 అంటే ఎంతబ్బా?"

"ఎనిమిదిన్నర గ్రాములు, అవ్వా."

"అంటే సవరన్ పైనే! అంత పెట్టి జింకని కొట్టేదా, గోవిందా!"

సెక్యూరిటీ గార్డు నాలుగు మెట్లు దిగొచ్చాడు. "ఏం సామీ, ఏ జింక?"

"ఈడ జింక కాదప్పా, అమెరికా జింక."

"మన కాడ 1972 చట్టం కింద వేట నేరం, తెలుసా?"

"తెలుసు సామీ. పిల్లోడుండేది కొలరాడోలో."

గార్డు ఒక్క క్షణం ఆలోచించాడు. ఆయనా మాజీ సైనికుడే. "అయితే ఐదు పాయింట్ యాభై ఆరు మిల్లీమీటర్ల తూటా చాల్దా?"

అయిపోయింది. ఇద్దరూ మెట్టు మీద కూర్చున్నారు. కొలరాడోలో జింకకి గుండు కనీసం పాయింట్ టూ ఫోర్ అంగుళాల మందం, 70 గ్రెయిన్ల బరువు ఉండాలి కాబట్టి ఐదు పాయింట్ యాభై ఆరు చెల్లదని మామ తేల్చాడు. అట్లయితే మన సైన్యం పాత రైఫిల్ ఎస్‌ఎల్‌ఆర్ తూటానే మేలన్నాడు గార్డు. ఆ 7.62 మిల్లీమీటర్ల తూటాకి బజారు పేరే దాదాపు త్రీ నాట్ ఎయిట్. మన దేశంలో అది మామూలు లైసెన్సుకి దొరకదు, సైన్యం తూటా. పాత ప్రేమ పొంగింది. వెనక గోవింద నామాల మధ్య ఇద్దరూ ఒక్క గొంతుతో అరిచారు: "త్రీ నాట్ ఎయిట్!"

పిల్లోడు రెండు పెట్టెలు కొన్నాడు. పెట్టెకి ఇరవై, మొత్తం నలభై.

ఫ్రెండు ఇంటికి పోయి గొట్టం మీద చదివితే థర్టీ ఆట్ సిక్స్ అని ఉంది.

రెంటి గుండు మందం ఒకటే, తొడుగు వెనక అంచు ఒకటే. అందుకే త్రీ నాట్ ఎయిట్ తూటా ఆ రైఫిల్లోకి ఏ అడ్డూ లేకుండా దూరుతుంది, వెనక మూసే బోల్ట్ కూడా మూసుకుంటుంది. అసలు ప్రమాదం అక్కడే. తొడుగు 12 మిల్లీమీటర్లు పొట్టి, దాని మెడ కింది వాలుకి ముందు ఆనుకునే గోడ ఉండదు. పేలితే ఇత్తడి సాగి చీలొచ్చు, వేడి గ్యాసు వెనక్కి కళ్ళ మీదికి రావచ్చు. టూ సెవెంటీ తూటాని టూ ఎయిటీ రైఫిల్లో పెట్టినా ఇదే వరస. దూరిందంటే సరిపోయినట్టు కాదు. గొట్టం మీది పేరు, పెట్టె మీది పేరు, తూటా అడుగున చెక్కిన పేరు అక్షరం తప్పకుండా కలవాలి. ఫ్రెండు వాళ్ళ నాయన ఆ మూడూ చూసి, పెట్టెలు పక్కకి తోసేశాడు.

షాపుకి పోతే అమ్మిన తూటాలు వాపసు తీసుకునేది లేదన్నారు. అక్కడ చాలా షాపుల పద్ధతి అదే.

మర్నాడు మళ్ళీ ఫోన్. "మామా, నలభై తూటాలు పారేసేదానికి మనసు రాలా. త్రీ నాట్ ఎయిట్ రైఫిల్ ఒకటి కొనేద్దామనుకుంటా ఉండా. గురి చూసే స్కోప్ మూడు రెట్ల నుంచి తొమ్మిది పెట్టేదా, నాలుగు నుంచి పన్నెండా?"

"ఉండు," అన్నాడు మామ, "గార్డుని కూడా లైన్లోకి తీసుకుంటా."