తాతలు లైటు లేకుండా తొక్కారా? ఎవరి తాతలు?

ఈ నెలలో ఒకే మెసేజ్ నాకు నాలుగు గ్రూపుల్లోంచి వచ్చింది. "మన తాతలు హెల్మెట్ పెట్టుకున్నారా? లైట్లు పెట్టుకున్నారా?" అని మొదలవుతుంది. సైకిల్‌కి హెల్మెట్, లైట్లు, బయల్దేరే ముందు చెకింగులు, ఇవన్నీ మన జేబులు ఖాళీ చెయ్యడానికి కంపెనీలు పుట్టించిన భయాలేనని ఏడు పాయింట్లు చెబుతుంది. పంపుతున్నవాళ్లలో సగం మంది పిల్లలకి సైకిళ్లు కొనిపెట్టినవాళ్లే. హైదరాబాద్‌లో చాలా ఏళ్లుగా ఆఫీసుకి సైకిల్ మీదే వెళ్తున్నవాణ్ని కాబట్టి, చదివి ఊరుకోలేకపోయాను.

మొదటి పాయింటు తాతలదే. హెల్మెట్ సంగతి నిజం, పెట్టుకోలేదు. లైటు సంగతి మాత్రం పచ్చి అబద్ధం. మా తాత సైకిల్‌కి వెనక టైరుని రాసుకుంటూ తిరిగే డైనమో ఉండేది. తొక్కితే గుర్రుమనేది, ఆగితే దీపం ఆరిపోయేది. అంతకుముందు హ్యాండిల్‌కి కిరోసిన్ దీపం తగిలించుకునేవాళ్లట. ఎందుకంత శ్రద్ధ అంటే, రాత్రిపూట లైటు లేకుండా తొక్కితే టౌన్లో పోలీసు ఆపేవాడు. జరిమానా కట్టాలి, లేదంటే టైర్లలో గాలి తీసేసి నడిపించుకుంటూ పొమ్మనేవాడు. డబుల్స్ తొక్కినా అంతే. సెంటర్ రాగానే వెనక కూర్చున్నవాడు దిగి, అమాయకంగా నడుచుకుంటూ దాటి, అవతల మళ్లీ ఎక్కడం ఆ తరంలో చాలామంది చేసిన పనే. మెసేజ్ రాసినవాళ్లు వాళ్ల తాతని ఒక్కసారి అడిగి ఉంటే బాగుండేది.

ఇక చెకింగులంటారా, మా తాత కంటే ఎక్కువ చెక్ చేసే మనిషిని నేను చూడలేదు. గడప దిగగానే ముందు టైరు బొటనవేలితో నొక్కేవాడు, తర్వాత వెనకది. రెండు బ్రేకులూ పట్టి సైకిల్‌ని ముందుకి తోసి చూసేవాడు. బెల్లు ఒకసారి మోగించేవాడు. ఆదివారం సైకిల్‌ని బోర్లా తిప్పి, చైనుకి కుట్టుమిషన్ నూనె చుక్కలు చుక్కలుగా వేసేవాడు. అది కంపెనీ నేర్పిన భయం కాదు. ఏడెనిమిది మైళ్ల దూరంలో చైను తెగితే అంతదూరం నడవాల్సింది తనే కదా!

పైగా ఆయన తొక్కిన రోడ్డు మీద రోజుకి రెండు బస్సులు తిరిగేవి. ఇప్పుడు కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల్లో 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన సైకిల్‌వాళ్లు 4,800 మందికి పైనే.

రెండోది: "హాలండ్‌లో ఎవరూ హెల్మెట్ పెట్టుకోరు, అయినా అక్కడ భద్రంగా ఉన్నారు." మొదటి ముక్క చాలావరకు నిజం. రెండో ముక్క హెల్మెట్ లేకపోవడం వల్ల వచ్చింది కాదు. 1971లో ఆ చిన్న దేశంలో రోడ్ల మీద 3,300 మంది దాకా చనిపోయారు, అందులో 400 మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి గొడవ చేశారు. ఆ తర్వాత దశాబ్దాలపాటు డబ్బు పోసి కార్లకి దూరంగా సైకిళ్లకి విడిగా దారులు వేశారు. అక్కడ కూడా రాత్రి లైటు లేకుండా తొక్కితే ఫైన్ పడుతుంది, ఆ సంగతి మెసేజ్‌లో లేదు. మన దగ్గర 2023 అక్టోబర్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన పైన సోలార్ పలకల కప్పు ఉన్న 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మొదలైంది. బాగుంటుంది. కానీ అక్కడిదాకా చేరాలంటే మామూలు రోడ్డు మీద, బస్సు పక్కనే తొక్కుకుంటూ పోవాలి.

"హెల్మెట్ పెట్టుకుంటే కార్లు ఇంకా దగ్గరగా వస్తాయని ఇంగ్లండ్‌లో నిరూపించారు" అన్నది మూడోది. ఇది గాల్లోంచి పుట్టింది కాదు, అందుకే కాస్త ఆగి చెప్పాలి. బాత్ యూనివర్సిటీకి చెందిన ఇయాన్ వాకర్ అనే పరిశోధకుడు తన సైకిల్‌కి దూరం కొలిచే సెన్సార్ బిగించుకుని తిరిగాడు. 2007లో ఫలితాలు అచ్చయ్యాయి. హెల్మెట్ ఉన్నప్పుడు వాహనాలు సగటున 8.5 సెంటీమీటర్లు దగ్గరగా దాటాయని తేలింది. ఆ ప్రయోగంలోనే ఆయన్ని ఒకసారి బస్సు, ఒకసారి లారీ తగిలాయి, రెండుసార్లూ హెల్మెట్ ఉంది. మెసేజ్ ఇక్కడితో ఆగిపోతుంది. కథ ఆగలేదు. అదే డేటాని ఆస్ట్రేలియా పరిశోధకులు 2013లో మళ్లీ పరిశీలించారు. ప్రమాదకరం అనదగ్గ దగ్గరితనం, అంటే ఒక మీటరు లోపు దాటడం, హెల్మెట్‌ని బట్టి మారలేదని తేల్చారు. తర్వాత 40 అధ్యయనాలని, గాయపడ్డ 64,000 మందికి పైగా సైక్లిస్టుల వివరాలని కలిపి చూస్తే, హెల్మెట్ ఉన్నవాళ్లకి తీవ్రమైన తల గాయాలు 69 శాతం తక్కువ.

హెల్మెట్‌ని మరీ ఆకాశానికెత్తడం కూడా నాకు నచ్చదు. యూరప్ ప్రమాణంలో దాన్ని ఒకటిన్నర మీటరు ఎత్తు నుంచి చదునైన ఇనుప దిమ్మె మీద పడేసి పరీక్షిస్తారు. అంటే గుంతలో పడి, కుక్క అడ్డొచ్చి, ఇసుకలో జారి తల రోడ్డుకి కొట్టుకున్నప్పుడు పనికొచ్చే వస్తువు అది. లారీ తొక్కేస్తే చేసేదేమీ లేదు. లోపలి థర్మోకోల్ లాంటి నురగ ఒకసారి నలిగితే మళ్లీ లేవదు, కాబట్టి గట్టి దెబ్బ తగిలినది పైకి బాగానే కనిపించినా పక్కన పడేయాలి. పెట్టుకునేటప్పుడు కనుబొమల పైన రెండు వేళ్ల జాగా మాత్రమే ఉండాలి. మా కాలనీలో పిల్లలు పెట్టుకునే తీరు చూస్తే టోపీ వెనక్కి పెట్టుకున్న క్రికెటర్లు గుర్తొస్తారు. ఆ తీరులో పెడితే నుదురు మొత్తం బయటే.

నాలుగో పాయింటు ఈ మెసేజ్‌లోకెల్లా ప్రమాదకరమైనది: "ముందు బ్రేకు ముట్టుకోవద్దు, బోల్తా కొడతారు." ఎంతోమంది ఇళ్లల్లో పిల్లలకి చెప్పే మాట కూడా ఇదే. బ్రేకు పట్టగానే బరువు ముందు చక్రం మీదకి వస్తుంది, వెనక చక్రం తేలికవుతుంది. తేలికైన చక్రానికి రోడ్డు మీద పట్టుండదు, కర్రుమని జారిపోతుంది. గంటకి 20 కిలోమీటర్ల వేగంలో వెనక బ్రేకు ఒక్కటే పడితే, పొడి రోడ్డు మీద ఆగడానికి ఆరు మీటర్ల దాకా పడుతుంది. రెండూ కలిపి పద్ధతిగా పడితే అందులో సగం చాలు. ఆ మూడు మీటర్ల తేడాలోనే ఆగి ఉన్న కారు తలుపు తెరుచుకునేది.

బోల్తా కొట్టడం అబద్ధమా? కాదు. భయంతో ముందు బ్రేకుని ఒక్కసారిగా బిగించి, చేతులు వదులుగా పెట్టి, ఒళ్లు ముందుకి వాల్చినప్పుడు కొడతారు. రెండు బ్రేకులూ కలిపి, మెల్లగా మొదలుపెట్టి బిగిస్తూ, నడుము సీటు మీద వెనక్కి జరిపితే కొట్టరు. ఇసుకలో, తడి రోడ్డు మీద, మలుపులో మాత్రం ముందు బ్రేకుతో జాగ్రత్త. ఖాళీ గ్రౌండ్‌లో పది నిమిషాలు ప్రాక్టీస్ చేయిస్తే పదేళ్ల పిల్లలకి కూడా వచ్చేస్తుంది.

"కొత్త సైకిల్‌ని చెక్ చెయ్యక్కర్లేదు, కంపెనీవాళ్లే చూసి పంపుతారు." ఇది ఐదోది. రెండేళ్ల క్రితం మా అక్కవాళ్లబ్బాయికి ఆన్‌లైన్లో సైకిల్ తెప్పించారు. పెట్టెలో వచ్చింది, వచ్చినతను పావుగంటలో బిగించేసి వెళ్లిపోయాడు. వారం తర్వాత "మావయ్యా, మలుపు తిప్పితే కాలు చక్రానికి తగులుతోంది" అన్నాడు పిల్లాడు. వెళ్లి చూస్తే ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు వెనక్కి తిరిగి ఉంది. ముందుకి వంగాల్సిన ఫోర్కు వెనక్కి వంగింది, ముందు బ్రేకు పెడల్స్ వైపు చూస్తోంది. వారం రోజులు అలాగే స్కూలుకి వెళ్లొచ్చాడు! ఎడమ పెడల్ కూడా సగం వంకరగా ఎక్కింది. కుడి పెడల్ మామూలు నట్టులాగే కుడివైపు తిప్పితే బిగుస్తుంది, ఎడమ పెడల్ ఉల్టా మర. సంగతి తెలియనివాళ్లు బలవంతంగా తిప్పితే పెడల్ బిగించే కడ్డీలోని (క్రాంకు) మర మొత్తం అరిగి, ఓ రోజు నడిరోడ్డు మీద పెడల్ ఊడి చేతికొస్తుంది.

ఫ్యాక్టరీ సంగతి ఎలా ఉన్నా, హ్యాండిల్, ముందు చక్రం, పెడల్స్ బిగించేది ఎవరో ఒకరు ఇంటి దగ్గరే. కాబట్టి ముందు చక్రాన్ని కాళ్ల మధ్య ఇరికించి హ్యాండిల్ తిప్పి చూడండి, కదలకూడదు. ముందు చక్రాన్ని ఎత్తి పైన అరచేత్తో గట్టిగా కొట్టండి, నట్టు వదులైతే చప్పుడులోనే తెలుస్తుంది. ముందు బ్రేకు పట్టి తోస్తే వెనక చక్రం లేవాలి. ఇంతా కలిపి ఒక నిమిషం. ఇందులో ఏ కంపెనీకి పైసా వెళ్లింది?

ఆరోది: "ఎండాకాలం గాలి సగమే కొట్టించాలి, లేకపోతే ట్యూబు పేలుతుంది." మా పంక్చర్ షాపు ఆయన కూడా ఇదే అంటాడు, ఆయనతో నాకు ఇరవయ్యేళ్ల స్నేహం, ఇరవయ్యేళ్ల గొడవ. 30 డిగ్రీల్లో 60 పీఎస్ఐ కొట్టించిన టైరు 60 డిగ్రీలకి వేడెక్కితే లోపలి ఒత్తిడి 67 దగ్గరకి చేరుతుంది, అంతే. టైరు పక్కన అచ్చేసిన పరిధిలో మధ్య అంకె దగ్గర కొట్టిస్తే వేడికి పేలే ప్రసక్తే లేదు. పేలిన చోట విప్పి చూడండి: రిమ్ముకి, టైరుకి మధ్య నలిగిన ట్యూబో, గోడ చీలిన పాత టైరో ఉంటుంది. సగం గాలితో గుంత ఎక్కితే ట్యూబు రిమ్ముకి కొట్టుకుని పాము కాటులా రెండు చిల్లులు పడతాయి. ఎండకి నిజంగా పాడయ్యేది పాతరకం సైకిళ్ల వాల్‌ట్యూబ్, అంటే వాల్ లోపల ఉండే సన్నటి రబ్బరు గొట్టం. వాల్ మీద ఉమ్ము తడి రాసి చూస్తే బుడగ లేస్తుంది.

రిఫ్లెక్టర్ చాలు, లైటు దండగ అన్నది ఏడోది. వాహనం హెడ్‌లైటు నేరుగా పడినప్పుడే రిఫ్లెక్టర్ మెరుస్తుంది. పక్క సందులోంచి వచ్చే బండికి, లైటు వెయ్యని ఆటోకి మీరు లేనట్టే.

ఏడో పాయింటులోనే ఇంకో ముక్క ఉంది, "మెత్త కుట్టిన నిక్కర్లు, రంగురంగుల జెర్సీలు, ఖరీదైన కళ్లజోళ్లు అక్కర్లేదు" అని. దాంతో నాకు గొడవే లేదు. నేను మామూలు బట్టలు అన్నీ కట్టుకుని తొక్కాను, ఇబ్బంది రాలేదు. లుంగీ మాత్రం చైనులో పడింది.