మూడు మైళ్ల అవతల బ్రాందీ షాపు

(అమెరికాలో 1920 జనవరి 17 నుంచి 1933 డిసెంబరు 5 దాకా దేశమంతటా మద్యనిషేధం. అది ఎందుకు నిలవలేదన్నదే ఇక్కడి వాదం. ఒకరు ఎక్సైజ్ శాఖలో సీఐగా రిటైరైన బాబాయి. రెండోవారు ఆయన అన్న కూతురు సుజాత, కాలేజీలో చరిత్ర చెబుతుంది.)

సుజాత: దొంగసారా ముఠా నాయకుడు అల్ కపోన్ పేరెత్తి నిషేధం ఫెయిలైందని తేల్చేస్తారు అందరూ. లివరు పాడై పోయేవాళ్ల లెక్క ఎవరూ తీయరేం బాబాయ్? 1911లో సిరోసిస్‌తో లక్ష మంది మగవాళ్లలో 29.5 మంది పోయేవారు. 1929కి 10.7.

బాబాయి: చట్టం 1920లో వస్తే లెక్క 1911 నుంచి ఎందుకమ్మా? యుద్ధం వల్ల, రాష్ట్రాలు పెట్టుకున్న నిషేధాల వల్ల అప్పటికే చాలా తగ్గింది.

సుజాత: రాష్ట్రాలవీ నిషేధాలే కదా! మీరు నా వైపే మాట్లాడుతున్నారు.

బాబాయి: సరే, ఆ మార్కు నీకే వేసుకో. నేను చూసేది సరుకు ఎటునుంచి దిగిందని. బిల్ మెకాయ్ అని ఫ్లోరిడాలో పడవలు కట్టేవాడు. బహామాస్‌లోని నసావులో విస్కీ ఎత్తి న్యూజెర్సీ, న్యూయార్క్ తీరాల ముందు లంగరేసేవాడు. అమెరికా జలాలు మూడు మైళ్లే, గీతకు అవతల ఉంటే చెయ్యి వెయ్యడానికి లేదు. అలా ఓడలు బారులు తీరి ఉండేవి, ఆ వరసకే 'రమ్ రో' అని పేరు. రాత్రిపూట ఒడ్డునుంచి మోటారు బోట్లు వచ్చి డబ్బిచ్చి సరుకు దింపుకుపోయేవి. చెక్కపెట్టెలు చోటు తింటాయని ఆరేసి సీసాలు, కింద మూడు, పైన రెండు, ఆపైన ఒకటి, గడ్డిలో పొదిగి గోనెగుడ్డలో బిగించి కుట్టేవాడు. మా చెక్‌పోస్టులో పట్టుబడ్డ సరుకేదీ అంత శుభ్రంగా లేదు!

సుజాత: ఆయన్నీ 1923 నవంబరులో కోస్ట్‌గార్డ్ పట్టుకుంది. మరుసటేడు బ్రిటన్‌తో ఒప్పందం చేసుకుని, ఓడ గంటలో వెళ్లేంత దూరం దాకా తనిఖీ హక్కు తెచ్చుకున్నారు. స్మగ్లర్లు రేడియోలో సంకేత భాష వాడితే ఎలిజబెత్ ఫ్రీడ్‌మన్ అనే ఆవిడ కాగితం, పెన్సిలుతో విప్పేసింది.

బాబాయి: ఆవిడకి దండం పెట్టాల్సిందే. కానీ డెట్రాయిట్ సంగతో? నది మైలు వెడల్పు కూడా లేదు, అవతలి ఒడ్డున కెనడా. అక్కడ ఎగుమతి నేరం కాదు. కాగితాల మీద 'క్యూబాకు' అని రాసుకున్న చిన్న పడవ సాయంత్రానికల్లా ఖాళీగా తిరిగొచ్చేది! చలికాలంలో నది గడ్డకడితే కార్లలోనే తోలేవారు.

సుజాత: 1930లో కెనడా ఆపేసింది.

బాబాయి: ఆపితే సెయింట్ పియర్ ఉంది. ఫ్రాన్సు వాళ్ల ద్వీపం, చేపలు పట్టుకునే ఊరు. అక్కడ విస్కీ పెట్టెల చెక్కతో ఇల్లే కట్టారు. ఇవన్నీ పక్కన పెట్టు. డాక్టరు చీటీ రాస్తే మందుల షాపులో విస్కీ అమ్మొచ్చని రాసింది ఎవరు? చట్టమే. సిన్సినాటిలో జార్జ్ రీమస్ అనే లాయరు డిస్టిలరీలూ మందుల కంపెనీలూ కొని, మందు పేరుతో సరుకు బయటికి తీసి, దాన్ని దొంగ బజారుకు మళ్లించడానికి తన లారీలను తన మనుషుల చేతే దోపిడీ చేయించాడు. పెరటి గుమ్మం తెరిచిపెట్టి వీధి గుమ్మానికి తాళం వేస్తే నాలాంటి సీఐ ఏం పీకుతాడు?

సుజాత: అయితే ఆ గుమ్మం మూయమనాలి గానీ ఇల్లే వద్దంటారేం?

బాబాయి: ఇంకో గుమ్మం మూశారుగా! పరిశ్రమలకిచ్చే ఆల్కహాలు తాగకూడదని మిథనాల్ అనే విషం కలిపించారు, తర్వాత మోతాదు పెంచారు. జనం తాగి చచ్చారు. న్యూయార్క్‌లో చావుల కారణాలు తేల్చే మెడికల్ ఎగ్జామినర్ చార్లెస్ నోరిస్ మొత్తుకున్నా వినలేదు.

సుజాత: దాన్ని నేను వెనకేసుకురాను. పోయినవాళ్లంతా బీదాబిక్కీ. నిషేధానికి ముందే ఇంట్లో నిల్వ చేసుకున్నది తాగొచ్చని చట్టమే ఒప్పుకుంది, అంటే డబ్బున్నవాడికి ఇబ్బంది లేదు. కానీ బాబాయ్, దూబగుంట ఆడవాళ్లు సారా వద్దని లేచినప్పుడు వాళ్లు అడిగింది ఇలాంటి చిల్లుల చట్టం కాదు. మన దగ్గర 1995లో పెట్టి 1997లో సడలించారు. అమెరికాలోనూ అంతే, మాంద్యం వచ్చి ఖజానా ఖాళీ అయ్యేసరికి మద్యం పన్ను గుర్తొచ్చింది.

బాబాయి: ఖజానా ఒక్కటే కాదు. సియాటిల్‌లో పోలీసు లెఫ్టినెంటుగా ఉన్న రాయ్ ఓల్మ్‌స్టెడ్, వాడే తర్వాత ఊళ్లో పెద్ద స్మగ్లరు అయ్యాడు. డిపార్టుమెంటే చెడిపోయాక ఏ చట్టం నిలుస్తుంది?

సుజాత: నిషేధం ఎత్తేశాక కూడా అమెరికాలో తలసరి తాగుడు పాత స్థాయికి చేరడానికి దాదాపు 1970లు రావాల్సి వచ్చింది. దీనికేమంటారు?

బాబాయి: షాపులు తెరిచి, లైసెన్సులిచ్చి కూడా అదుపు చేయొచ్చంటాను.

సుజాత: పదమూడేళ్లు మూసి ఉంచాక తెరిచారు కాబట్టి!