ముఖం అప్పగించే ముందు రసీదు మీద పేరు చూడండి

పెళ్లి ముహూర్తాలు దగ్గరపడ్డాయంటే ఫోన్ తెరిచిన ప్రతిసారీ స్కిన్ క్లినిక్ ప్రకటనే. బ్రైడల్ గ్లో ప్యాకేజీ, ఆరు సిట్టింగుల లేజర్, అక్కాచెల్లెళ్లిద్దరూ వస్తే డిస్కౌంట్, వడ్డీ లేని ఈఎంఐ. వీటిలో దేన్ని నమ్మాలని ఎవరినైనా అడిగితే మామూలుగా వచ్చే సలహాలు మూడు: రివ్యూలు చదవండి, 'ముందు, తర్వాత' ఫొటోలు చూడండి, పేరున్న బ్రాంచికి వెళ్లండి. ఈ మూడింటిలో ఏదీ మిమ్మల్ని కాపాడదు. రివ్యూలు రాయించుకోవచ్చు. ఫొటోలో లైటు మార్చితే మచ్చ మాయమవుతుంది. ఇక బ్రాంచి సంగతంటారా, మీ నుదుట సూది గుచ్చేది బ్రాండు కాదు, తెల్లకోటు వేసుకున్న ఒక మనిషి. ఆ మనిషి ఎవరు, ఏం చదివారు, గుచ్చిన తర్వాత తేడా వస్తే చేతిలో ఏముంది? నమ్మకానికి ఇంతకు మించిన కొలమానం నాకు కనబడలేదు.

వార్తలు అందరూ చూస్తూనే ఉన్నారు. 2024 ఫిబ్రవరిలో జూబ్లీహిల్స్‌లో పెళ్లికి ముందు చిరునవ్వు సరిచేయించుకుందామని డెంటల్ క్లినిక్‌కు వెళ్లిన యువకుడు ప్రాణాలతో తిరిగి రాలేదు. మత్తుమందు ఎక్కువైందని కుటుంబం ఆరోపించింది. కాన్పూర్‌లో జుట్టు నాటించుకున్న ఇద్దరు ఇంజినీర్లు చనిపోయిన సంగతి 2025లో బయటపడింది, దంతవైద్యం చదివిన వ్యక్తి మీద కేసు నడిచింది. ఇలాంటిది జరిగినప్పుడల్లా నాలుగు రోజులు చర్చ, రెండు తనిఖీలు, ఆ తర్వాత మళ్లీ అవే ప్రకటనలు.

అసలు ప్రమాదం 'కోత లేదు, కుట్లు లేవు' అనే మాటలోనే ఉంది. కత్తి కనబడకపోతే జనం దాన్ని ఫేషియల్ లెక్కలో వేసేస్తారు. లంచ్ టైమ్‌లో వెళ్లి చేయించుకుని తిరిగి ఆఫీసుకు వచ్చేయొచ్చని క్లినిక్ వాళ్లూ చెబుతారు. మామూలుగా అది నిజమే, వచ్చేయొచ్చు కూడా. కానీ ముఖానికి నిండుదనం కోసం ఇచ్చే ఫిల్లర్ ఇంజక్షన్ వేసేటప్పుడు లోపల ఏం జరుగుతుందో ఒకసారి చూడండి. పెదవులకు, బుగ్గలకు, ముక్కుకు వేసే ఫిల్లర్లలో ఎక్కువ భాగం హైలురోనిక్ యాసిడ్ జెల్. అది చర్మం కింద పడితే ఫర్వాలేదు, రక్తనాళంలోకి వెళితే అక్కడ రక్తం ఆగిపోతుంది. ఆ చోట చర్మం పాలిపోయి తెల్లబడుతుంది, తర్వాత వల పరిచినట్టు ఊదారంగు చారలు వస్తాయి. నొప్పి ఒక్కోసారి తెలుస్తుంది, ఒక్కోసారి తెలియదు. కనుబొమల మధ్య, ముక్కు మీద ఉండే నాళాలకు కంటి నాళాలతో సంబంధం ఉంది. జెల్ అటు వెళితే చూపు పోతుంది. గంట, గంటన్నర దాటితే ఆ చూపు తిరిగి రావడం దాదాపు అసాధ్యం.

చర్మం విషయంలో దీనికి విరుగుడు ఉంది. హైలురోనిడేజ్ అనే ఇంజక్షన్ ఆ జెల్‌ను కరిగించేస్తుంది. అదేమంత ఖరీదైన మందు కాదు, కంటి ఆపరేషన్లలో మత్తు త్వరగా వ్యాపించడానికి మన డాక్టర్లు ఎప్పటి నుంచో వాడుతున్నదే. ఫిల్లర్ వేసే గదిలో అది సిద్ధంగా ఉండాలి, ఎంత మోతాదు, ఎక్కడెక్కడ, ఎంతసేపటికి ఒకసారి ఇవ్వాలో సూది పట్టిన మనిషికి తెలిసి ఉండాలి. అందుకే క్లినిక్‌కు వెళ్లినవాళ్లు ధర అడిగే ముందు ఇది అడగాలంటాను: "హైలురోనిడేజ్ మీ దగ్గర ఉందా? ఒకసారి చూపిస్తారా?" నిజమైన డాక్టర్‌కు ఈ ప్రశ్న కోపం తెప్పించదు. ఫ్రిజ్ తలుపు తీసి చూపిస్తారు. "మా దగ్గర అలాంటివి జరగవండీ" అన్న సమాధానం వచ్చిందా, అప్పుడే చెప్పులు వేసుకుని బయటికి వచ్చేయండి.

కండరాన్ని సడలించి ముడతలు తగ్గించే బొటాక్స్ కథ ఇంకో రకం. ఆ సీసా తెరిచి చూస్తే ఖాళీగా ఉన్నట్టే అనిపిస్తుంది, అడుగున కంటికి ఆనీ ఆనని పొడి మాత్రమే ఉంటుంది. అందులో సెలైన్ కలిపి యూనిట్ల లెక్కన ఇస్తారు. ఎంత సెలైన్ కలిపారో, మీకు ఎన్ని యూనిట్లు ఇచ్చారో మీరు కళ్లారా చూస్తే తప్ప తెలియదు. నీళ్లెక్కువ కలిపి పది మందికి సరిపెట్టే మందును ఇరవై మందికి పంచినా సిరంజి ఒకేలా కనబడుతుంది. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో ఉంచాల్సిన మందు అది. చోటు తప్పి రెప్పను ఎత్తే కండరంలోకి పాకితే కనురెప్ప వాలిపోతుంది, దాన్ని వెంటనే వెనక్కి తిప్పే విరుగుడు లేదు, వారాల తరబడి నల్లద్దాలు పెట్టుకుని తిరగాల్సిందే. కాబట్టి సీలు మీ ముందే తీయమనండి. మంచి కంపెనీ ఫిల్లర్ల పెట్టెలో బ్యాచ్ నంబర్ ఉన్న స్టిక్కర్లు వస్తాయి, ఒకటి మీ ఫైల్లో అంటించి, ఇంకొకటి మీకివ్వమని అడగండి. రేపు ఏదైనా జరిగితే వేసింది ఏమిటో చెప్పడానికి ఆ చిన్న కాగితమే ఆధారం. డిసెంబర్ సెలవుల్లో అమెరికా నుంచి వచ్చి, తిరుగు విమానానికి రెండు రోజుల ముందు ఇవన్నీ చేయించుకునే మనవాళ్లకైతే ఇది మరీ అవసరం. డల్లాస్‌లో వాపు వస్తే అక్కడి డాక్టర్ మొదట అడిగేది "ఏం వేశారు?" అనే.

లేజర్ దగ్గరికి వస్తే మన చర్మం గురించి మాట్లాడుకోవాలి. అవాంఛిత రోమాలు తీసే లేజర్ వెంట్రుక కుదురులోని నల్ల రంగును, అంటే మెలనిన్‌ను వెతుక్కుంటూ వెళుతుంది. తెల్లతోలు వాళ్లకు చర్మంలో మెలనిన్ తక్కువ కాబట్టి వేడి నేరుగా కుదురుకు చేరుతుంది. మనకు చర్మంలోనే మెలనిన్ దండిగా ఉంటుంది. సెట్టింగులు మార్చకుండా కొడితే వెంట్రుకకు బదులు చర్మం కాలుతుంది. ముందు బొబ్బ, తర్వాత నెలల తరబడి పోని నల్ల మచ్చ. అందుకే మన రంగుకు 1064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్ లాంటి లోతుకు వెళ్లే లేజర్లు మేలంటారు. ఏ మెషీన్ అయినా ముందు దవడ కింద చిన్న చోట పరీక్షించి, కొన్నాళ్లు ఆగి చూసి, ఆ తర్వాతే ముఖం మీదికి రావాలి. మొదటి రోజే మొత్తం ముఖం చేసేస్తామన్నారంటే వాళ్లకు మెషీన్ కిస్తీల తొందర ఉందని అర్థం. మంగు మచ్చలకు మరీ జాగ్రత్త కావాలి. మంగు వేడికి రెచ్చిపోయే జబ్బు. గట్టి లేజర్‌తో దాన్ని తరిమేద్దామనుకుంటే కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే అవుతుంది.

ఇంత తెలిసి ఉండాల్సిన పనిని ఎవరి చేతిలో పెడుతున్నాం? పెద్ద క్లినిక్‌లో అడుగు పెట్టగానే మీకు ఎదురయ్యేది డాక్టర్ కాదు, కౌన్సెలర్. చల్లటి గది, కాఫీ, ట్యాబ్‌లో ఫొటోలు. మీ ముఖం చూసి సమస్యలేమిటో ఆవిడే చెప్పేస్తుంది, ఎన్ని సిట్టింగులో ఆవిడే తేల్చేస్తుంది, ఈ రోజే కడితే ఎంత తగ్గుతుందో కూడా. డబ్బు కట్టాక డాక్టర్ ఐదు నిమిషాలు కనబడతారు, కొన్నిచోట్ల అదీ ఉండదు. జబ్బు నిర్ధారణ కన్నా బిల్లు ముందు వచ్చే చోటు వైద్యశాల ఎలా అవుతుంది? ఆ అమ్మాయికి నెలవారీ టార్గెట్ ఉంటుంది, ఆమెను తప్పుపట్టడం లేదు. చికిత్స అవసరమో కాదో తేల్చే అధికారం ఆమెకు అప్పగించిన యాజమాన్యానిదే తప్పు.

ఇక్కడ మన చేతిలో ఒక ఆయుధం ఉంది, వాడేవాళ్లే తక్కువ. 2002 నాటి వైద్య వృత్తి నియమావళి ప్రకారం ప్రతి డాక్టరూ తన రిజిస్ట్రేషన్ నంబర్‌ను క్లినిక్‌లో ప్రదర్శించాలి, ప్రిస్క్రిప్షన్ మీద రాయాలి, చివరికి డబ్బు తీసుకున్నట్టు ఇచ్చే రసీదు మీద కూడా ఉండాలి. 2023లో కొత్త నియమాలు తెచ్చి వెంటనే పక్కన పెట్టారు కాబట్టి పాతవే అమల్లో ఉన్నాయి. మీ దగ్గరున్న స్కిన్ క్లినిక్ బిల్లు ఏదైనా ఉంటే ఒకసారి తీసి చూడండి. కంపెనీ పేరు ఉంటుంది, జీఎస్టీ నంబర్ ఉంటుంది, ప్యాకేజీ కోడ్ ఉంటుంది. డాక్టర్ పేరు ఉందా? నంబర్ ఉందా? నంబర్ దొరికితే రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో వెతకడానికి రెండు నిమిషాలు చాలు. ఎంబీబీఎస్ తర్వాత చర్మవ్యాధుల్లో ఎండీ, డీఎన్‌బీ లేదా డిప్లొమా ఉందా, లేక ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ ఉందా చూసుకోవాలి. గోడకు వేలాడే శనివారం, ఆదివారం కోర్సుల సర్టిఫికెట్లకు బంగారు అంచు ఉన్నంత మాత్రాన వాటిని డిగ్రీలుగా లెక్కపెట్టకండి. 2022 సెప్టెంబరులో జాతీయ వైద్య కమిషన్ సౌందర్య చికిత్సలపై ఇచ్చిన మార్గదర్శకాల్లో, వర్క్‌షాపుల్లోనో యూట్యూబ్‌లోనో చూసి నేర్చుకున్నది శిక్షణ కిందికి రాదని స్పష్టంగా రాసింది. దేశంలో వైద్యాన్ని నియంత్రించే సంస్థ ఆ వాక్యం రాయాల్సి వచ్చిందంటే బయట పరిస్థితి ఎలా ఉందో ఊహించుకోండి.

అడిగిన 72 గంటల్లో మీ వైద్య రికార్డులు మీకివ్వాలన్నది కూడా ఆ 2002 నియమావళిలోనిదే. క్లినిక్‌కు జిల్లా వైద్యాధికారుల దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2002 చట్టం కింద, తెలంగాణలో 2010 కేంద్ర చట్టం కింద. రిజిస్టర్‌లో పేరు లేకుండా అల్లోపతి వైద్యం చేస్తే ఏడాది దాకా జైలు లేదా ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ అని 2019 జాతీయ వైద్య కమిషన్ చట్టం చెబుతోంది. చట్టాలకు మనకేం కొదవ లేదు, అడిగేవాళ్లకే కొదవ.

దీనికి ఎదురు వాదన లేకపోలేదు. చర్మవ్యాధి నిపుణులు జిల్లా కేంద్రాలు దాటితే దొరకరు, ఫీజులు ఎక్కువ, లేజర్ కొట్టడం లాంటి పనులు శిక్షణ ఉన్న టెక్నీషియన్ చేస్తే తప్పేమిటి, ఇదంతా స్పెషలిస్టులు తమ వ్యాపారం కాపాడుకోవడానికి చేసే గోల అంటారు. దవడ, ముఖ శస్త్రచికిత్సలో ఎండీఎస్, అంటే దంతవైద్యంలో పీజీ, చేసినవాళ్లు ముఖ సౌందర్య చికిత్సలు చేయొచ్చని డెంటల్ కౌన్సిల్ కూడా 2022లో చెప్పింది. ముఖం నరాలు, నాళాల గురించి వాళ్లు నిజంగానే చదువుకున్నారు. సరే, ఎండీఎస్ వాళ్ల సంగతి ఒప్పుకుందాం. టెక్నీషియన్ లేజర్ పట్టుకోవడం కూడా ఒప్పుకుందాం, డాక్టర్ అదే ప్రాంగణంలో ఉండి, సెట్టింగులు రాసిచ్చి, కాలితే బాధ్యత తన పేరు మీద తీసుకుంటే. నా పట్టు అంతా ఆ పేరు మీదే. పేరే లేని చోట ఈ వాదనలన్నీ గాలికిపోతాయి.

అయితే ఇన్ని జాగ్రత్తలు చెప్పినా, మన దగ్గర ఈ వ్యాపారం దేని మీద నడుస్తోందో మాట్లాడకపోతే సగమే చెప్పినట్టు. ముడతలు, మచ్చలు, రోమాలు తర్వాతి సంగతి. ఇక్కడ అసలు అమ్ముడుపోయే సరుకు తెలుపు. పెళ్లి సంబంధాల ప్రకటనల్లో 'మంచి రంగు' అని అడగడం మనం ఈనాటికీ మానలేదు. పెళ్లిచూపులయ్యాక "పిల్ల బాగానే ఉంది గానీ కొంచెం రంగు తక్కువ" అన్న ఒక్క మాట చాలు, మర్నాడే తల్లి కూతుర్ని వెంటబెట్టుకుని క్లినిక్ మెట్లెక్కుతుంది. ఆ తల్లి భయం మీదే ఈ భవనాలన్నీ లేచాయి.

ఆ అమ్మాయి అప్పటికే మందుల షాపులో చీటీ లేకుండా కొన్న ట్యూబు ఏడాదిగా రాస్తూ ఉంటుంది. అందులో స్టెరాయిడ్ ఉంటుంది. మొదటి నెల నిగారింపు, తర్వాత చర్మం పల్చబడి ఎర్రటి నాళాలు బయటపడటం, మానేస్తే మంట, మొటిమలు. ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. ఇప్పుడు ఏ కౌంటర్ దగ్గరైనా పేరు చెబితే ఇస్తున్నారు. కేరళ మలప్పురం జిల్లాలో తెల్లబడే క్రీముల్లోని పాదరసం వల్ల కిడ్నీలు దెబ్బతిన్న రోగుల్ని 2023లో అక్కడి డాక్టర్లు గుర్తించారు. ముఖానికి రాసుకున్నది కిడ్నీకి చేరింది.

క్రీము దాటితే సెలైన్. గ్లూటాథయోన్ డ్రిప్ అని, వారానికోసారి చొప్పున నరంలోకి ఎక్కిస్తారు. చర్మం తెల్లబరచడానికి దీన్ని వాడేందుకు మన ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి లేదు. ఈ ఇంజక్షన్ల మోజు బాగా పాకిన ఫిలిప్పీన్స్‌లో అక్కడి ప్రభుత్వ సంస్థ 2011లోనే హెచ్చరిక జారీ చేసింది. మన దగ్గర మాత్రం అది ప్యాకేజీల్లో బహిరంగంగా ఉంది. పుట్టుకతో వచ్చిన రంగును మార్చే మందు లేదని చర్మం చదువుకున్న ప్రతి డాక్టర్‌కూ తెలుసు. మన ఎండల్లో మనల్ని కాపాడేది ఆ మెలనినే అనీ తెలుసు. తెలిసి కూడా బోర్డు మీద తెల్లబరుస్తామని రాసుకున్నవాళ్లు ఎండీ చదివినా, వాళ్ల రిజిస్ట్రేషన్ నంబర్ రసీదు మీద మెరుస్తున్నా, నా లెక్కలో నమ్మదగ్గవాళ్లు కారు. ఒక విషయంలో డబ్బు కోసం అబద్ధమాడినవాళ్లు బొటాక్స్ యూనిట్ల దగ్గర నిజం చెబుతారని ఎలా అనుకోగలం?

మంచి డాక్టర్లు లేక కాదు. "నీ చర్మానికి ఏ జబ్బూ లేదమ్మా, ఆ ట్యూబు మానెయ్, సన్‌స్క్రీన్ రాసుకో, ఆరు నెలల తర్వాత రా" అని పంపించే స్కిన్ డాక్టర్లు ఉస్మానియా, గాంధీ, కేజీహెచ్ ఓపీల్లో ఉన్నారు, చిన్న ఊళ్ల సొంత క్లినిక్‌లలోనూ ఉన్నారు. వాళ్ల దగ్గర కాఫీ ఇవ్వరు, గంటలకొద్దీ కూర్చోవాలి, ప్యాకేజీ ఉండదు. వాళ్లకు ప్రకటనల్లేవు కాబట్టి మన ఫోన్లలో కనబడరు.

ఇక కనబడేవాళ్ల సంగతి రెండు రాష్ట్రాల ఔషధ నియంత్రణ అధికారులు చూడాలి. తనిఖీ అంటే పెద్ద బృందం, మీడియా కెమెరాలు అక్కర్లేదు. గ్లూటాథయోన్ డ్రిప్ ధర రాసిపెట్టిన ఏ రిసెప్షన్ దగ్గరికైనా ఒక్క డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వెళ్లి, రిజిస్టర్ తీయించి, నెలలో ఎన్ని సెలైన్లు ఎక్కించారో చూసి, ఏ జబ్బుకు ఎక్కించారో, ఏ డాక్టర్ రాసిచ్చారో లిఖితపూర్వకంగా అడిగితే చాలు.